విప్పని మూడో పొట్లం

ఆ రోజుల్లో నాకు మనుషుల మీద నమ్మకం లేదని ఎవరైనా అంటే ఒప్పుకునేవాణ్ని కాదు. నమ్మడానికి రుజువు అడుగుతున్నాను, అంతే అనుకునేవాణ్ని. ఇందులో సగం తప్పు ఉద్యోగానిది. పోర్టు దగ్గర ఒక చిన్న ల్యాబులో, ఓడలకెక్కే ఖనిజాన్ని పరీక్షించడం నా పని. గుట్టలోంచి తీసిన నమూనాను మూడు పొట్లాలు కట్టి లక్కతో సీలు వేస్తాం. ఒకటి అమ్మేవాడికి, ఒకటి కొనేవాడికి. మూడోది దాచిపెడతాం. ఆ ఇద్దరికీ తగాదా వస్తేనే దాన్ని విప్పాలి. అంటే, తగాదా రాకముందే దానికి సామాన్లు సిద్ధం చేసుకునే వృత్తి. ఆ అలవాటును వన్ టౌన్‌లో మేముండే గదికి కూడా తెచ్చుకున్నాను. ఆవకాయ సీసా మీద పెన్నుతో గీత గీసి, ఎంత తగ్గిందో రోజూ చూసేవాణ్ని. (తింటున్నది ఎక్కువగా నేనేనని రెండు వారాల పరిశీలనలో తేలింది.) నాతో గదిలోనూ ల్యాబులోనూ ఉండేవాడు బావ. చుట్టరికమేమీ లేదు, మా వైపు మగవాళ్లు ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారు.

ఒక ఆదివారం ఇద్దరం యారాడ బీచికి వెళ్లాం. బావ నీళ్లలోకి దిగాడు. నేను సముద్రాన్ని కూడా నమ్మను కాబట్టి రాళ్ల మీద తిరుగుతున్నాను. అక్కడ ఒక బండ సందులో కనిపించింది, నెమలి మెడ రంగులో, సన్నటి సూదుల్లాంటి పెళుసు పొర. గోకి తెచ్చి ల్యాబులో పరీక్షించాను. ఒకటి, గోటితో గీస్తే గీత పడింది. రెండు, యాసిడ్ చుక్క వేస్తే నురగ రాలేదు. మూడు, మంటలో పెడితే ఆకుపచ్చ వెలుగు, అంటే రాగి ఉంది. నాలుగు, మా ల్యాబులో ఉన్న ఒకే ఒక్క పాత పుస్తకంలో దీని పేరు లేదు. నాలుగోదాన్నిబట్టి నేను తేల్చిందేమిటంటే, ఇది లోకానికి తెలియని కొత్త ఖనిజం. (పుస్తకంలో చివరి ముప్ఫై పేజీలు చిరిగిపోయిన సంగతి అప్పుడు ముఖ్యమనిపించలేదు.)

అప్పటికి నా ఉద్యోగం ఏడాది ఒప్పందం మీదే ఉంది, మరో రెండు నెలల్లో ముగుస్తుంది. కొత్త ఖనిజాన్ని కనిపెట్టినవాణ్ని ఎవరు పంపేస్తారు? ఆ ధీమాతో, కొత్త ఖనిజంగా ఒప్పుకోవడానికి ఉన్న నియమాలన్నీ చదివి బావకు వినిపించాను. అది ప్రకృతిలో తనంతట తాను పుట్టినదై ఉండాలి, మనిషి చెయ్యి పడితే లెక్కలోకి రాదు. కనిపెట్టినవాడు దానికి తన పేరే పెట్టుకోవడం మర్యాద కాదు.

"మరి ఎవురి పేరెడతావ్ బావా?" అన్నాడు వాడు.

ఆ ప్రశ్నతో నాకు అనుమానం పట్టుకుంది. ఆ వారమంతా వాడు నాకు టీ తెచ్చిచ్చాడు. ఎందుకు? తన పేరు పెట్టించుకోవడానికా? నమూనాను మూడు పొట్లాలు కట్టాను. ఒకటి ఎక్స్‌రే పరీక్ష కోసం నా పాత లెక్చరర్‌కి పంపాను, ఒకటి బియ్యం డబ్బాలో, మూడోది పెట్టె అడుగున. సీలు పక్కన సాక్షి సంతకం కావాలి. ఎవరిని నమ్మను? ఖాళీగా వదిలేశాను.

మరుసటి ఆదివారం బావ చేపల కోసం ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తున్నానని చెప్పి, చేపల్లేకుండా తిరిగొచ్చాడు. నోట్‌బుక్కులో రాసుకున్నాను: బూట్లలో ఇసుక, మోకాలికి దెబ్బ, బొటనవేలికి నీలం మరక.

ఆపై ఆదివారం "సేపలకెల్తన్నాను బావా" అని వాడు బయల్దేరగానే, ఆటో కట్టించుకుని వెనకాలే వెళ్లాను. సరిగ్గా నా బండ దగ్గర ఒక ముసలి జాలరితో మాట్లాడుతున్నాడు. నా ఖనిజం చేతులు మారుతోంది! ఒక్క పరుగున వెళ్లి, "దొరికావు బావా! నా వెనకాల ఎన్నాళ్ల నుంచి ఈ యవ్వారం?" అని అరిచాను.

తాత నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "ఎవులీ బాబు? ఎండ దెబ్బేటి?"

"ఈడే తాతా, నాను సెప్పినోడు," అన్నాడు బావ తల దించుకుని.

"నువ్వా! నా మైలుతుత్తం గీక్కెల్లిపోయింది నువ్వేనా?"

తాత పక్కన బకెట్టు ఉంది, అందులో నీలం నీళ్లు, నానుతున్న లంగరు తాడు. "నైలాను తాడు సేతికి జారుద్ది బాబూ. మా అయ్య కాలం నుంచీ కొబ్బరి తాడే. తుత్తం నీల్లలో నానెడితే కుళ్లదు. మిగిలింది ఇసకలో పోత్తే మేకలు నాకి సత్తాయని ఆ సందులో పోత్తన్నాను. దానికేటి ఇప్పుడు?"

మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేటు! మా నాన్న వంగతోటకు మందు కలిపిన ప్రతిసారీ ఆ నీలం బకెట్టు కడిగింది నేనే. సముద్రపు జల్లు తగిలి ఏళ్ల తరబడి రంగు మారి పొర కట్టేసరికి, అది నాకు లోకానికే కొత్తగా కనిపించింది.

"నీకు పోయిన వారమే తెలుసా?" అని బావనడిగాను.

"తెలుసు."

"మరి సెప్పవేటి?"

"సెప్పడానికి నోరు రానేదు. మనిసి పోసిందైతే లెక్కలోకి రాదన్నావు గదా. తాత పొయ్యని సోట కూడా ఆ పొర ఎక్కడైనా ఉంటాదేమోనని ఈ బండలన్నీ ఎతుకుతన్నాను. ఒక్కటి దొరికితే నీ ఉజ్జోగం నిలబడుద్ది గదా బావా." మోకాలి దెబ్బను చేత్తో కప్పుకున్నాడు.

తాత బకెట్టు కదుపుతూ, "ఇంకో సందులో పొయ్యమంటే పోత్తాను బాబూ," అన్నాడు జాలిగా.

లెక్చరర్ ఫోను మర్నాడొచ్చింది. తెలిసిన పదార్థమే, అక్కడెవరైనా పురుగు మందు ఒలకబోశారా అని అడిగారు. ఉద్యోగం అనుకున్నట్టే రెండు నెలలకు పోయింది. వేరే ల్యాబులో ఇంకొకటి దొరికింది. అక్కడా మూడేసి పొట్లాలే.

యారాడ నుంచి గదికి వచ్చిన ఆ సాయంత్రమే పెట్టె అడుగునుంచి మూడో పొట్లం తీసి, పెన్నుతో పాటు బావ ముందు పెట్టాను. "పారబోసిన తుత్తానికి కూడా సాచ్చి కావాలేటి?" అని నవ్వుతూ సంతకం పెట్టాడు. ఆ పొట్లం ఇప్పటికీ నా సొరుగులో ఉంది. తగాదా వస్తే విప్పాలన్నది నియమం. ఇన్నేళ్లలో ఆ అవసరం రాలేదు.