మురుగేష్ పేరు పడిన పేజీ

తిరుపతిలో ఒక కాలేజీ. పేరు చెప్పి వాళ్ళ పరువు తీయడం ఎందుకు గానీ, అందులో జీవశాస్త్రం ల్యాబుకు పద్దెనిమిదేళ్ళు అటెండరుగా పనిచేసిన మురుగేష్‌కు ఒక పిచ్చి అలవాటు ఉండేది. పిల్లల ప్రాజెక్టు పుస్తకాలు బైండింగు అయి రాగానే, మొదట్లో ఉండే కృతజ్ఞతల పేజీ తీసి, పై వరుస నుంచి కింది వరుస దాకా వేలు జరుపుకుంటూ పోయేవాడు. ఇంగ్లీషు చదవడం ఆయనకు రాదు. తెలుగు వచ్చు, అరవం వచ్చు. ఇంగ్లీషులో మాత్రం తన పేరు ఎలా ఉంటుందో మెడలో వేలాడే గుర్తింపు కార్డు చూసి నేర్చుకున్నాడు. ఆ అక్షరాలు ఎక్కడైనా కనబడతాయేమోనని వెతుక్కునేవాడు. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కనబడితే ఒట్టు.

అబ్బో, ఎవరెవరి పేర్లు ఉండేవో ఆ పేజీలో! ఏనాడూ ల్యాబు గడప తొక్కని పెద్దమనుషులకు వందనాలు. హాస్టల్లో పక్క గదివాడికి వందనాలు. ఏడుకొండలవాడికి సరేసరి. గాజు గొట్టాలు కడిగి, ఆరబెట్టి, ఆవిరిలో ఉడికించి, పిల్లలు పారబోసిన కంపంతా ఎత్తిపోసిన మనిషి మాత్రం ఎవరికీ గుర్తు రాడు. గుర్తు రాకపోవడానికి వాళ్ళేమీ చెడ్డవాళ్ళు కాదు. అదే నాకు ఒళ్ళు మండే సంగతి.

మురుగేష్‌ది నగరి. మగ్గం ఇల్లు. పవర్‌లూములు వచ్చి వీధి వీధంతా మగ్గాలు మూలన పడ్డప్పుడు, తొంభయ్యో సంవత్సరంలో, ఎవరో తెలిసినాయన ద్వారా ఈ పనిలో చేరాడు. రోజు కూలి లెక్కన పెట్టుకున్నారు, తర్వాత అలాగే మరిచిపోయారు. అన్న తులసీరాం నగరిలోనే ఉండి నూలుకు రంగులద్దే పని చేశాడు. మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు. చివరికి మూత్రంలో రక్తం పడి, ఆసుపత్రుల చుట్టూ ఏడాది తిరిగి, యాభై నిండకుండానే పోయాడు. రంగునీళ్ళ వల్లనేనా అని అడిగితే డాక్టర్లు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ వీధి బోరు నీళ్ళు పొద్దున్నే పట్టి చూస్తే ఇప్పటికీ చాయ మారి ఉంటాయి.

రెండువేల ఎనిమిదిలో స్రవంతి అనే అమ్మాయి, ధర్మేంద్ర అనే పాకాల దగ్గరి రైతుబిడ్డ, ప్రొఫెసర్ గిరిప్రసాద్ దగ్గర ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. సింథటిక్ బయాలజీ అట. డిసెంబరులో బెంగుళూరులో కాలేజీల మధ్య పోటీ. సంగతేమిటో స్రవంతి ఒకరోజు మురుగేష్‌ను కూర్చోబెట్టి చెప్పింది.

"అన్నా, నువ్వు చీరలో కొత్త పోగు కలిపినట్టు, మేము బ్యాక్టీరియాలో కొత్త జన్యువు కలుపుతాము. నీళ్ళలో అద్దకం రంగు ఉండిందంటే అది పచ్చగా మెరస్తాది. యంత్రం అక్కర్లే, ఏ ఊర్లో అయినా సూసుకోవచ్చు."

"మా వీధి నీళ్ళు తెచ్చిస్తే సూస్తారామ్మా?"

"అదే గదన్నా మాకు కావాల్సింది!"

ఆ మాటతో మురుగేష్‌కు కొత్త ఊపిరి వచ్చింది. ప్రతి ఆదివారం నగరి పక్క ఏకాంబరకుప్పం స్టేషన్లో దిగి, వదిన ఇంటి బోరు నీళ్ళు, అద్దకం గుంటల నీళ్ళు, కాలువ నీళ్ళు విడివిడిగా సీసాల్లో పట్టి, మూతల మీద వీధి పేరు అరవంలో రాసి తెచ్చేవాడు. రైల్లో ఎవరైనా ఏమప్పా ఇదని అడిగితే, మా అన్న చావుకు సాక్ష్యం అనేవాడు.

శ్రావణ మాసంలో స్రవంతి కంప్యూటరు ముందుకు పిలిచి ఒక పేజీ చూపించింది. కృతజ్ఞతలు. పై నుంచి ఐదో వరుసలో ఆ అక్షరాలు! మురుగేష్ గాజుతెర మీద వేలు పెట్టి చూసుకున్నాడు. వేలి ముద్ర పడిందని గబగబా చొక్కా అంచుతో తుడిచాడు. "ఇది అచ్చు గూడా అవతాదా పాపా?" అని అడిగాడు. "అవతాదన్నా. నా మాట," అంది స్రవంతి. ఆ సాయంత్రం కొర్లగుంటలోని అద్దె గదికి వెళ్ళి భార్య పెంచలమ్మకు చెప్పాడు, పదో తరగతి చదివే కూతురు గీతాంజలికి చెప్పాడు, మెట్ల మీద కూరగాయలు తరుగుతున్న పక్కింటి ఆమెకూ చెప్పాడు. "పుస్తకం వచ్చినాక ఆ పేజీకి కుంకుమ బొట్టు పెట్టల్ల," అంది పెంచలమ్మ.

కావలసిన బ్యాక్టీరియా బెంగుళూరు నుంచి వచ్చింది. రెండు నెలల ఉత్తరాల తర్వాత, పొగలు కక్కే మంచుపెట్టెలో, ఇరవై చిన్న గొట్టాలు. వాటి కోసమే కొత్త డీప్ ఫ్రీజరు కొన్నారు. గొట్టాలు ఎలా కడగాలో, ఏ అరలో పెట్టాలో మురుగేష్‌కు అందరూ చెప్పారు. అవి ఎందుకంత చల్లగా ఉండాలో చెప్పాలని ఒక్కరికీ తోచలేదు. అటెండరుకు ఆ వివరమెందుకు, అంతే!

దసరా వచ్చింది. పిల్లలంతా ఊళ్ళకు పోయారు. ఆయుధపూజ మురుగేష్ చేతి మీదుగానే జరగడం ఆ ల్యాబులో ఏళ్ళ తరబడి ఆనవాయితీ. మహర్నవమి పొద్దున స్నానం చేసి, పసుపు రాసిన కొత్త చొక్కా వేసుకొని వచ్చి, మైక్రోస్కోపుల దగ్గర నుంచి తూకం మిషను దాకా అన్నిటినీ తుడిచి గంధం, కుంకుమ పెట్టాడు. గుమ్మానికి మామిడాకులు కట్టాడు. గుమ్మడికాయ కొట్టాడు. ఆ తర్వాత ఎప్పటిలాగే అన్నిటి స్విచ్చులూ ఆపేశాడు. నవమి నాడు నగరిలో ఏ సాలె ఇంట్లోనూ మగ్గం కదలదు. ఏడాదంతా అన్నం పెట్టినదానికి ఆ ఒక్కరోజు విశ్రాంతి. పాత ఫ్రిజ్‌ను కూడా అలాగే ఆపేవాడు, అందులో ఉన్న మందులకు ఏనాడూ ఏమీ కాలేదు. కొత్త ఫ్రీజరుకు రెండు బొట్లు ఎక్కువే పెట్టి, దండం పెట్టుకొని, దాన్నీ ఆపాడు.

దశమి పొద్దున వచ్చి అన్నీ వేశాడు. ఫ్రీజరు అడుగున చేరిన నీళ్ళు బట్టతో ఒత్తి, గొట్టాల పెట్టెను తుడిచి పక్కవాటుగా లోపల పెట్టాడు.

సెలవులు అయిపోయాయి. ధర్మేంద్ర పని మొదలుపెట్టాడు. బ్యాక్టీరియాలోకి జన్యువును ఎక్కించేది అతనే. మొదటి వారం ఏమీ మొలవలేదు. రెండో వారమూ లేదు. మూడో వారం గిరిప్రసాద్ ల్యాబు మధ్యలో నిలబడి, అందరూ వింటుండగా, "నీ చేతిలో శుభ్రత లేదు. పొలం పనికి పనికొచ్చే చెయ్యి ఇది," అన్నాడు. ఆ పిల్లవాడి ముఖం కందిపోయింది. సోమవారం నుంచి ప్రాజెక్టులో వాడి పేరు ఉండదని కూడా చెప్పేశాడు. ధర్మేంద్ర హాస్టలుకు పోయి పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాడని తెలిసింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం స్రవంతి ఫ్రీజరు తెరిచి, ఒక గొట్టాన్ని వెలుతురుకు పట్టుకొని చాలాసేపు చూసింది.

"అన్నా, ఇట్రా. నిలబెట్టిన గొట్టంలో గడ్డ అడుగున ఉండాల గదా. ఇదేంది పక్కకు పడుకోని ఉండాది? ఇవి కరిగి, మళ్ళీ గట్టిపడినట్టుండాయే."

"కరిగితే ఏమవతాదమ్మా?"

"ఇంకేమవతాది, సచ్చిపోతాయి. కరెంటు పోయిందేమో అనుకుంటే, పోలేదని వాచ్‌మన్ అంటాడు."

మురుగేష్‌కు నవమి పొద్దున గుర్తొచ్చింది. చేతిలోని తడిబట్ట పిండుతూ అలాగే నిలబడిపోయాడు. ఆ అమ్మాయికి అనుమానమే రాలేదు. తలనొప్పిగా ఉందని చెప్పి బయటపడి, నడుచుకుంటూ అలిపిరి దాకా పోయాడు. మెట్ల దగ్గర కర్పూరం వెలిగించి కొండెక్కేవాళ్ళు ఎక్కుతున్నారు. ఒక పక్కగా కూర్చుని లెక్కలు వేసుకున్నాడు. చెప్తే పేరు పోతుంది. ఐదో వరుసలో కళ్ళారా చూసుకున్న పేరు. చెప్పకపోతే ఆ పిల్లవాడు పెట్టె మోసుకొని పాకాల బండి ఎక్కుతాడు. వాడి నాయన ఎవరో మురుగేష్‌కు తెలియదు. కానీ చెయ్యి మంచిది కాదని మాట అనిపించుకోవడం ఎలా ఉంటుందో బాగా తెలుసు.

ఇంట్లో చెప్తే పెంచలమ్మ తల బాదుకుంది. "నోరు మూసుకోని ఊరకుండు. ఆ పిల్లోడికి ఇంకో కాలేజీ దొరకతాది. నీకు ఇంకో పని యాడ దొరకతాది? నీ పేరు పుస్తకంలో పడల్లని పద్దెనిమిదేండ్లు ఎదురుసూసినావు గదయ్యా!"

ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

మర్నాడు పొద్దున గిరిప్రసాద్ గదిలోకి పోయాడు. ధర్మేంద్ర, స్రవంతి అక్కడే ఉన్నారు.

"సార్, పిల్లోని తప్పేమీ లేదు. ఆయుధపూజ నాడు ఫ్రీజరు ఆపింది నేనే."

గిరిప్రసాద్ కళ్ళజోడు తీశాడు. "ఆపినావా? ఎంతసేపు?"

"నవమి పొద్దున్నుంచి దశమి పొద్దున దాకా సార్."

"ఎవరు ఆపమన్నారు నిన్ను?"

"ఎవురూ సెప్పలేదు సార్. ఏడాదికొక దినం వాటికీ విశ్రాంతి ఇయ్యల్ల గదా. మా ఇంట్లో మగ్గానికి అట్లే ఇస్తా ఉంటిమి."

"మగ్గమా! ఇది మగ్గమా నీ కంటికి?" గిరిప్రసాద్ బల్ల మీద కొట్టిన దెబ్బకు పెన్నులు కింద పడ్డాయి. మురుగేష్ వంగి వాటిని ఏరి మళ్ళీ బల్ల మీద పెట్టాడు. పద్దెనిమిదేళ్ళ అలవాటు మరి. "మేము సెప్పల్సింది సార్. మేమే సెప్పలేదు," అంది స్రవంతి. ఆమె మాట ఎవరూ పట్టించుకోలేదు. ధర్మేంద్ర మురుగేష్ వైపు ఒకసారి చూశాడు. తల దించుకున్నాడు.

సోమవారం నుంచి మురుగేష్‌ను గేటు దగ్గర వేశారు. ల్యాబు తాళంచెవులు కొత్తగా వచ్చిన ఇంకొకాయనకు ఇచ్చారు. బెంగుళూరు వాళ్ళను బతిమాలితే మళ్ళీ గొట్టాలు పంపారు. ధర్మేంద్ర రాత్రీపగలూ పడి పని చేశాడు. బ్యాక్టీరియా మెరిసింది గానీ, పోటీకి కావలసినన్ని పరీక్షలు చేయడానికి టైము చాలలేదు. ఉత్త చేతులతో తిరిగొచ్చారు. నగరి నీళ్ళ సీసాలు సగం మూతలు తీయకుండానే ఉండిపోయాయి. వాటిని ఏం చేశారని గేటు దగ్గర స్రవంతిని అడిగాడు ఒకసారి. "ఉండాయన్నా, ఉండాయి," అని ఆమె గబగబా లోపలికి పోయింది. అప్పటి నుంచి ఆమె వెనక గేటు గుండా రావడం మొదలుపెట్టింది.

ఏప్రిల్ నెలలో ఒక శనివారం. బైండింగు షాపు ఎక్కడో కొత్త అటెండరుకు తెలియదని, పుస్తకాలు తెమ్మని మురుగేష్‌నే పంపారు. నీలం అట్టలు, బంగారు అక్షరాలు. షాపు అరుగు మీద కూర్చుని మొదటి పుస్తకం తీశాడు. కృతజ్ఞతల పేజీలో ఐదో వరుస దగ్గరికి వేలు పోయింది. లేదు. పైన చూశాడు, కింద చూశాడు. లేదు. లేదని తెలిసే వెతికాడు.

పుస్తకం మూసేస్తే బాగుండేది. మనిషి ఆశ అంత సుళువుగా మూతపడదు గదా. ఒక్కొక్క కాగితమే తిప్పుకుంటూ పోయాడు. నలభై ఒకటో పేజీలో, మధ్యన, ఆ అక్షరాలు కనబడ్డాయి. మెడలో కార్డు పక్కన పెట్టి పోల్చుకున్నాడు. తనదే. అచ్చులో.

అప్పటికి కాలేజీ మూసేశారు. పుస్తకాల కట్ట ఇంటికి తెచ్చాడు. పెంచలమ్మ ముఖం ఎన్ని నెలలకో వికసించింది. "సూస్తివా, ఆ పాప మాట నిలబెట్టుకునింది," అంటూ కుంకుమ భరిణ కోసం లోపలికి పోయింది. మురుగేష్ పుస్తకం తెరిచి కూతురి ఒళ్ళో పెట్టాడు.

"సదువు పాపా."

గీతాంజలి ఇంగ్లీషులో క్లాసుకు మొదటిది. అక్కడ రాసింది ఇదీ: "అటెండరు మురుగేష్, ఎవరి అనుమతీ లేకుండా, ఫ్రీజరును స్విచ్ ఆఫ్ చేయడం వల్ల మా నమూనాలన్నీ నాశనమయ్యాయి; ప్రాజెక్టు వైఫల్యానికి ఇదే ముఖ్య కారణం." ఆ పిల్ల రెండుసార్లు చదువుకుంది. నాయన ముఖంలోకి చూడకుండా అంది:

"మురుగేష్ అనే ఆయన శానా సాయం చేసినాడని రాసినారు నాయనా. ఆయన లేకపోతే ఈ పని అయ్యేది కాదంట."

"అట్నా."

మురుగేష్ వంగి, తన పేరు మీద నుంచి వేలు మెల్లగా కుడివైపుకు జరిపాడు. కొంచెం అవతల ఒక చిన్న మాట దగ్గర ఆపాడు. మూడే అక్షరాలు.

"దీనికేమర్థం పాపా?"

"మేలు అని నాయనా. మేలు చేసినాడని."

మురుగేష్ తల ఊపాడు. ఇంగ్లీషులో ఆయనకు తన పేరు కాక ఇంకొక్క మాటే గుర్తు. పద్దెనిమిదేళ్ళు ఆ ల్యాబులో ప్రతి స్విచ్చు కిందా చూసిన మాట. సాయంత్రం ఇంటికి పోయే ముందు ఒక్కొక్కటే దాని వైపుకు నొక్కిన మాట.

"బాగా సదివినావు తల్లీ," అన్నాడు.

పెంచలమ్మ భరిణ మూత తీసి, ఉంగరపు వేలు కుంకుమలో అద్ది వచ్చింది. "యాడుండాదయ్యా నీ పేరు? సూపించు, బొట్టు పెడతాను."

మురుగేష్ పుస్తకం మూసి, మిగతావాటితో కలిపి దారంతో కట్టేశాడు.

"వొద్దే. కాలేజీ సొత్తు ఇది. మనం బొట్టు పెట్టగూడదు," అన్నాడు.