నిన్న ఏం మార్చారు?

ఆ వీధిలో కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని అందరూ డాక్టరుగారంటారు. ఎవరు ఏ డబ్బా మోసుకొచ్చినా, పాతికేళ్లుగా ఆయన ముందు అడిగేది ఒక్కటే: "నిన్న ఏం మార్చారు?" ఏమీ మార్చలేదని అందరూ తడుముకోకుండా చెబుతారు. ఆయన నమ్మడు. మూత విప్పితే ఏదో ఒకటి బయటపడుతుంది. మనుషుల మాట కన్నా స్క్రూల మీది దుమ్మునే ఆయన ఎక్కువ నమ్ముతాడు.

ఈసారి మొండికేసింది సొంతింటి కంప్యూటరే. ఆయన భార్య ప్రూఫులు దిద్దుతుంది. తొలిసారిగా ఓ పుస్తకం మొత్తం ఆమె చేతికి వచ్చింది. పన్నెండుకల్లా ప్రెస్సుకు పంపకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. పొద్దున్నే మీట నొక్కితే భద్రతా హెచ్చరికతో ఎర్ర తెర వచ్చి, అక్కడే ఆగిపోయింది.

డాక్టరుగారికి ఇది వెన్నతో పెట్టిన విద్య. కంప్యూటరు లేచేటప్పుడు గుర్తులేని సరుకును అడ్డుకునే కాపలా ఒకటుంటుంది, సెక్యూర్ బూట్ అని. సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఆపేశాడు. ఎర్ర తెర పోయి నీలం తెర వచ్చింది. కాపలా మారేసరికి, తాళం వేసి ఉన్న డిస్కుకు అనుమానమొచ్చి, నలభై ఎనిమిది అంకెల తాళంచెవి అడుగుతోంది.

"ఆ అంకెలు మీరే రాసి దాస్తానన్నారు కదండీ," అంది భార్య.

దాచలేదు. పదకొండు దాటింది. ఆమె కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"నిన్న దీన్లో ఏమన్నా మార్చారా?"

"నేనా? ఏం మార్చలేదే."

అన్నాక గానీ ఆ మాట ఎంత తేలిగ్గా వస్తుందో ఆయనకు తెలిసిరాలేదు. తెర మీద అక్షరాలు అలుక్కుపోతున్నాయని ఆమె వారంగా గొణుగుతోంది. నిన్న ఆమె బజారుకెళ్లినప్పుడు, షాపులో పడున్న పాత గ్రాఫిక్స్ కార్డు తెచ్చి, ఉన్నదాని స్థానంలో బిగించి, మీట కూడా నొక్కి చూడకుండా షాపుకు పరుగెత్తాడు. చూసి మురిసిపోతుందని చెప్పలేదు. కాపలా గుర్తుపట్టక అడ్డుకున్నది ఆ కార్డునేనని ఇప్పుడు అర్థమైంది.

"కార్డు మార్చాను," అన్నాడు. "నీకు చెప్పలేదు."

ఆయన ఆ కార్డు పీకి, ముందున్నది బిగించి, కాపలాను మళ్లీ పెట్టాడు. అన్నీ మునుపటిలాగే కనబడేసరికి డిస్కు ఏ అంకెలూ అడక్కుండా తెరుచుకుంది. ఆమె మిగిలిన పేజీలు దిద్ది, పన్నెండుకు నాలుగు నిమిషాల ముందు పంపేసింది. అప్పుడు ఆయనవైపు తిరిగింది.

"అడిగితే కూడా లేదన్నారు. పుస్తకం చేజారిపోయుంటే చెప్పేవారా?"

డాక్టరుగారికి అబద్ధమాడే ఓపిక లేదు.

"చెప్పేవాణ్ణి కాదేమో," అన్నాడు.