మధ్యాహ్నపు ఆటలో నా పక్క కుర్చీ

గుంటూరులో మా కొత్త ఇంటి గృహప్రవేశానికి సీసపద్యంతో శుభలేఖ నేనే రాసుకున్నాను. దాని ఫొటోను సత్తెనపల్లిలో ఉన్న చెల్లెలికి ఫోనులో పంపి ఊరుకున్నాను. తోబుట్టువుకు వేరే పిలుపెందుకన్నది నా ఊహ. మా వైపు ఆడపడుచు ఇంటికి స్వయంగా వెళ్ళి, బొట్టు పెట్టి పిలవాలి. చెల్లెలు రాలేదు. ఆ తరువాత మూడేళ్ళపాటు నాతో మాటలు లేవు. ఎన్నోసార్లు ఆమె నంబరు తీసి, మొదటి మాట కుదరక ఫోను పక్కన పెట్టేశాను. పద్యపాదాలు అడగకుండానే వచ్చి నిలిచే నాకు ఆ ఒక్క మాట దొరకలేదు.

నిరుడు మిరప కోతల కాలంలో నా భార్య గుంటూరులో ఒక సినిమాకు టిక్కెట్లు తీసింది. సినిమాలంటే నాకు చులకన. అయినా ఆమె పట్టు విడవకపోవడంతో వెళ్ళాను. దీపాలు ఆర్పాక ఇద్దరు వచ్చి మా వరుసలో కూర్చున్నారు. నా పక్కనున్న మనిషిని దగ్గును బట్టే పోల్చుకున్నాను. చెల్లెలు. ఆమెకు అవతల బావ. ఇది ఆయనా నా భార్యా కలిసి చేసిన ఏర్పాటని అర్థమైంది. చెల్లెలు నన్ను చూసి కుర్చీ చేతిమీది నుంచి చెయ్యి తీసేసింది. లేచి మాత్రం పోలేదు.

తెరమీద ఒక తండ్రీ కూతురూ ఒకే ఇంట్లో మాటలు లేకుండా బతుకుతున్నారు. ఆ తండ్రి కూతురి గది ముందు నిలబడి, చెప్పదలచినది తనలో తాను రెండుసార్లు అనుకొని, తలుపు తట్టకుండానే వెనుదిరిగాడు. అక్కడ నాకు కన్నీరాగలేదు.

విరామంలో దీపాలు వెలిగాయి.

“ఏం బావగారూ, కళ్ళెర్రబడ్డాయి?” అన్నాడు బావ.

“మిర్చి యార్డు నుంచి ఘాటు.”

“ఏసీ హాల్లోకి ఘాటెట్టా వచ్చిందండీ?”

చెల్లెలు తెరవైపే చూస్తూ, “చిన్నప్పుడు నేను సినిమా చూసి ఏడిస్తే, ఇంటిల్లిపాదికీ చెప్పి నవ్వించేవాడు,” అంది భర్తతో.

“తప్పు నాదేనమ్మా,” అన్నాను. “నేను రావలసింది.”

నా భార్య సంచిలోంచి కుంకుమ భరిణె తీసింది. చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఉండు వదినా. బొట్టు కోసమా నేను అలిగి కూర్చుంది? గంట దారి. అన్నయ్య వస్తాడని వారమంతా వీధి వైపే చూశా. పద్యం చదువుకోమని ఫొటో పంపాడు.”

“ఇవాళ ఇంటికి రామ్మా,” అన్నాను.

“సినిమా కానియ్. చూద్దాం.”

రెండో సగంలో ఏం జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. ఆట ముగిశాక, బయట మేము పిలిచిన ఆటోలో నాకంటే ముందు ఆమె ఎక్కి కూర్చుంది.

ఇంట్లో అడుగుపెట్టింది మొదలు ప్రతి గదికీ వంక పెట్టింది. వంటగదిలో నిలబడి, “కిటికీ పడమటికి పెట్టించావేంటి అన్నయ్యా? మధ్యాహ్నపు ఎండకు వదిన వేగిపోదూ?” అంది.

“మేస్త్రీని పిలిపిస్తానమ్మా.”

“ఆదివారం వస్తా, అప్పుడు పిలువు. నీ పద్యాల మాటలు మేస్త్రీకేం అర్థమవుతాయి?”