పిట్టల కోసం పెంచిన రేగుపొద

ఆర్.కె. పురంలో మాకు కింది అంతస్తు క్వార్టరు వచ్చింది, దాంతోపాటు చాపంత జాగా. ఇరుగుపొరుగంతా చలికాలానికి చామంతులు పెట్టుకుంటే, నేను తోపుడుబండి మీద కొన్న ఝర్‌బేరీ పళ్ళు తిని గింజలు పాతాను. ఢిల్లీ రాతినేలలో తనంతట తాను మొలిచే చిట్టిరేగు అది. పొగమంచు రోజుల్లో కిటికీ ముందు ఎర్రటి పళ్ళు, వాటి మీద పిగిలిపిట్టలు ఉండాలని నా కోరిక. పగలు ఆఫీసులో ఫైళ్ళు, సెలవుల్లో ఇంట్లో ముళ్ళు.

"ఇంట్లో ఒక ముళ్ళపొద ఉండగా ఇంకోటి ఎందుకండీ?" అంది మా ఆవిడ, ఆదివారం నాడు గీయని నా గడ్డం వైపు చూస్తూ.

మూడో శీతాకాలానికి కాసింది. పళ్ళు ఎర్రబడుతుండగా ఒక పిగిలిపిట్ట వచ్చి, గోడ మీద కూచుని, చూసి పోయింది. మర్నాడు జంటగా వచ్చాయి. నేను రెండు రోజులు ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళాను.

భోగికి ముందురోజు పై అంతస్తు తెలుగావిడ గిన్నెతో దిగింది.

"అన్నయ్యగారూ, మనవరాలికి మొదటి భోగిపళ్ళు. మార్కెట్లో అన్నీ కోడిగుడ్డంత రేగుపళ్ళే. అవి నెత్తిన పోస్తే పిల్లకు బొప్పి కడుతుంది!"

"పిట్టల కోసం పెంచానండీ..." అని నీళ్ళు నమిలాను.

"అచ్ఛా! మా పిట్టకూ కాసిని పెట్టండి మరి."

పై కొమ్మలు పసిదానికి, లోపలివి పిట్టలకు అని మనసులో పంచేశాను. కానీ కాలనీలో పసిపిల్లలున్న తెలుగిళ్ళు ఇంకో నాలుగున్నాయన్న సంగతి మరిచాను. సాయంత్రానికి నాలుగు గిన్నెలూ వచ్చాయి. కాదనడం చేతకాక లోపలికీ చేతులు దూర్చాను. మోచేతుల దాకా గీరుకుపోయాయి. పొద ఖాళీ అయింది. ఇన్నాళ్ళూ పిలిచి, తీరా వచ్చాక పిట్టల ముందునుంచి విస్తరి తీసేసినట్టయింది.

భోగినాడు సాయంత్రం పేరంటం కాగానే, కింద పడ్డ రేగుపళ్ళను పిట్టలకోసమని అడిగాను.

"దిష్టి తీసినవండీ! ఎవరూ తినకూడదు. పిట్టలకు తగలదూ?" అంది పై అంతస్తావిడ.

మర్నాడు పొద్దున బెంగగా కిటికీ తెరిచాను. పిగిలిపిట్ట వచ్చింది. పొదలోకి దూరి, ముళ్ళ మధ్య తీరిగ్గా ఏదో పొడుస్తోంది. నాలుగు పళ్ళు మిగిలాయి.

"వాటికని దాచారా?" అంది మా ఆవిడ, ఎన్నడూ లేనంత మెచ్చుకోలుగా.

అవునందామనుకున్నాను. కానీ గీరుకుపోయిన చేతులు ఆవిడ కళ్ళెదుటే ఉన్నాయి.

"అందలేదు," అన్నాను.