పడవ మెడ చూడ్డానికి విదేశయాత్ర

నడిసంద్రం మీద ఒట్టు, ఉప్పుగాలికి నెరిసిన నా మీసం మీద ఒట్టు, ఇక జన్మలో చేపముక్క ముట్టననే ఒట్టు తప్ప మీరు ఏ ఒట్టు అడిగినా సరే వేసి చెబుతున్నాను, ఇక్కడ రాయబోయే ప్రతి అక్షరమూ నిజం. ఊరికి పేరు మారినా మా నోటికి ఇంకా మారని పోర్ట్ బ్లెయిర్‌లో నన్ను ఎరిగినవాళ్ళు ఈ మాట చదవగానే నవ్వుతారని తెలుసు. వాళ్ళను నవ్వనివ్వండి. నా ఈడువాళ్ళు మీరైనా కాస్త నమ్మండి.

నిన్న సాయంత్రం డెలానీపూర్‌లో మా పక్కవాటా కొత్త దంపతులు వచ్చి, మొదటిసారి విదేశం వెళుతున్నామనీ, ఏ టెన్షనూ లేకుండా హాయిగా తిరిగి రావడమెలాగో చెప్పమనీ అడిగారు. మా వాటాల్లో ఫారిన్ చూసొచ్చిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే మరి. సామాను తగ్గించుకోండి, ఒక్క చోటే ఉండండి, పాస్‌పోర్టు నకళ్ళు విడిగా దాచండి అని పెద్దమనిషిలా చెప్పి పంపాను గానీ, వాళ్ళు మెట్లు దిగుతుంటే నా మొదటి ప్రయాణంలో తగిలిన దెబ్బ గుర్తొచ్చి, తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అప్పటికే నేను వండూర్ జెట్టీలో టికెట్లు ఇచ్చి పడవలెక్కించే ఉద్యోగంలో ఉన్నాను. పగడపు దిబ్బలు చూడ్డానికి వచ్చే దేశదేశాలవాళ్ళకు కథలు చెప్పడం నా జీతం లేని ఉద్యోగం. ఈల వేస్తే మా మొసలి ఒడ్డుకు వస్తుందని చెప్పి ఒక తెల్లావిడ చేత గొంతు ఎండేదాకా ఈల వేయించిన ఘనత నాది. ఇంతమందిని సెలవులకు పంపినవాణ్ణి, నేనెప్పుడు వెళతానన్న దిగులుతో ఒక ఏడాది మా ఆవిడా నేనూ కలిసి సముద్రానికి అవతల, తూర్పున ఉన్న థాయ్‌లాండ్‌కు వెళ్ళాలని నిశ్చయించుకున్నాం. ఒకటే ఊరు, ఒకటే ఒడ్డు, పొద్దున్నే లేవడం లేదు, తిరిగొచ్చేదాకా చుట్టాలకు చెప్పడం లేదు. అంత నిశ్చింతగా వేసిన పథకం, దేశం పేరు అమ్మ చెవిన పడగానే తలకిందులైంది.

ఎందుకో చెప్పాలంటే మా నాన్న సంగతి చెప్పాలి. నేను బడికెళ్ళే రోజుల్లో, జంగ్లీఘాట్ నుంచి చేపల వేటకెళ్ళిన నాన్న పడవ ఇంజిను నడిసముద్రంలో ఆగిపోయి, గాలీ నీరూ కలిసి తూర్పుకు తోసేస్తే, అవతలి ఒడ్డు జాలర్లు కాపాడారట. అక్కడి పోలీసులు కొన్ని నెలలు ఉంచుకుని పంపించారు. పోయాడనుకుని ఏడ్చిన మనిషి నడిచి ఇంటికొచ్చాడు, నడుముకు ఎరుపూ ఆకుపచ్చా తళతళలాడే గుడ్డ చుట్టుకుని. అమ్మ సంతోషం ఆ గుడ్డను చూసేదాకానే. తనను కాపాడిన పడవ మెడకు కట్టిన గుడ్డ అదనీ, అక్కడ పడవలో అమ్మవారుంటుందని నమ్మి పట్టుగుడ్డలు చుడతారనీ, పడవ యజమాని విప్పి ఇచ్చాడనీ నాన్న ఎంత చెప్పినా అమ్మ వినలేదు. పడవకు మెడేటి, మెడకు కోకేటి, ఇది ఏ ఆడదాని పైటో అని తేల్చేసింది. ఆ గుడ్డను పొయ్యి దగ్గర మసిగుడ్డ చేసి పీలికలయ్యేదాకా వాడింది. నాన్న తూర్పు వైపు చూస్తూ చుట్ట కాలిస్తే చాలు, నీ పడవ గుర్తొచ్చిందా అని దెప్పేది. పాపం, ఆయన పోయేదాకా ఆ దెప్పిపొడుపు తప్పలేదు.

ఆ దేశానికే మేం వెళుతున్నామని తెలిసి అమ్మ చేతిలో పని వదిలేసింది. "ఏటిరా, పడవలకి కోకలు కట్టే దేసమేనా? అయితే నానూ వస్తాను. మీ అయ్య నిజం సెప్పినాడో, నా కళ్ళల్లో కారం కొట్టినాడో సూసి సావాల."

మా ఆవిడ నెమ్మదిగా, "అత్తయ్యా, అంతదూరం ఎందుకు, ఇక్కడే ఫోన్లో చూపిస్తాను" అంది.

"నీ మొగుడు ఫోన్లో సొరసేప మీద సవారీ సేస్తన్నాడు గదే, అదీ నిజమేనా?"

ఆ ఫోటో అతికి తయారుచేసింది నేనే మరి. నిజానికి నాన్న కథను నేనూ నమ్మలేదు. ఇంత అందమైన అబద్ధం అల్లిన మనిషి కొడుకునని లోలోపల గర్వపడేవాణ్ణి, నాకీ విద్య ఆయన నుంచే వచ్చిందనుకునేవాణ్ణి. అక్కడికి వెళితే అమ్మ ముందు ఆయన బండారం బయటపడుతుందని, చనిపోయినవాడికి మళ్ళీ శిక్ష వేయించినట్టవుతుందని నా భయం.

టికెట్ల కుర్రాడు, "డైరెక్ట్ ఫ్లైట్ నహీ హై భయ్యా, పహలే చెన్నై వెళ్ళి అక్కణ్ణుంచి ఇటే వెనక్కి రావాలి" అన్నప్పుడు అమ్మ నిర్ఘాంతపోయింది. "మా ఇంటాయన ఇంజిన్ లేకుండానే ఎల్లిపోనాడు, మీకు ఇమానం ఉండీ సేతకాదేటి?" అని నిలదీసింది. విశాఖపట్నం ఓడ తప్ప వేరే ప్రయాణం ఎరగని మనిషి కనుక ఓడకు సర్దినట్టే సర్దింది. చాప, కంచం, వేయించిన నెత్తళ్ళు, వాంతులకు నిమ్మకాయ ఊరగాయ, అన్నిటికీ మించి ఒక మోకు. విమానాశ్రయంలో సామాను చూసే అమ్మాయి ఆ తాడు దేనికని అడిగితే అమ్మ మా దీవుల హిందీలో, "లహర్ ఆయేగా తో పెట్టీ గిరేగా నహీ?" అని ఎదురడిగింది. అల లేస్తే పెట్టె జారిపోదా అని! ఆ అమ్మాయి నోరు తెరిచింది, మళ్ళీ మూయడం నేను చూడలేదు.

అలా పడమరకు ఎగిరి, మళ్ళీ తూర్పుకు ఎగిరాం. కాసేపటికి, కింద కనబడేవి అండమాన్ నికోబార్ దీవులని పైలట్ చెప్పగానే నాకు మతిపోయింది. కిటికీలోంచి తెల్లటి నురగ అంచులో పచ్చటి ముద్దలు. "ఒరే, మనూరు దాటిపోతంది, ఆపమనండ్రా" అని అమ్మ కేకలు. నిశ్చింత అన్న మాట నేను అక్కడే గాలిలో వదిలేశాను.

ఆ సాయంత్రమే ఒడ్డుకు వెళ్ళాం. పొడవాటి పడవలు, ముక్కులు ఆకాశానికెత్తి, వరసగా. ప్రతి పడవ మెడకూ గుడ్డలు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ఒకదాని మీద ఒకటి, వాడిన పూలదండలతో సహా. నాన్న అబద్ధం చెప్పలేదు. అంటే నా విద్యకు గురువే లేడు. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అమ్మ ఒక పడవ గుడ్డను వేళ్ళతో తడిమి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, "ఓలమ్మా, మీ అయ్య నిజమే సెప్పినాడ్రా! ఈ పడవతోటా నాను ఇన్నేళ్ళూ సవతిపోరు పడ్డాను?" అంది.

ఇప్పుడు జంగ్లీఘాట్ పడవల్లో దారి చూపే యంత్రాలున్నాయి, ఎవరూ అంత సులువుగా దారి తప్పరు. మంచిదే. కానీ దారి తప్పి వచ్చినవాళ్ళు తెచ్చే కథలూ పోయాయి, వాటిని నమ్మనని పోట్లాడే ఇల్లాళ్ళూ తగ్గిపోయారు. పొరుగు దేశానికి వెళ్ళడానికి మా నెత్తి మీదుగా మేమే ఎగిరి వెళుతున్నాం.

ఇక ఒట్టు సంగతి. విమానం మా దీవుల మీదుగా వెళ్ళడం నేను అల్లిందనుకునేవాళ్ళు పటం తీసి గీత గీసుకోండి. మోకు నిజం, పడవల గుడ్డలు నిజం. నేను కల్పించింది అమ్మ నవ్వు, ఆ నవ్వుతో వచ్చిన మాటలు, అంతే. అమ్మ నవ్వలేదు. ఒక పడవ చూసింది, పక్కది చూసింది, గుడ్డ లేని పడవ ఒక్కటైనా ఉంటుందేమోనని ఆ చివరిదాకా నడిచింది. తరువాత ఇసుకలో కూలబడి, మా ఆవిడ ఎంత పిలిచినా లేవలేదు. అప్పటి నుంచి ఇప్పటివరకూ నాన్న గురించి ఒక్క మాట అనలేదు.

కాకపోతే, నేను ఏం చెప్పినా నమ్మడం మొదలుపెట్టింది. మొన్న వండూర్ జెట్టీలో ఒక తాబేలు వరుసలో నిలబడి నన్ను టికెట్ అడిగిందని చెప్పాను. ఇదివరకైతే గరిటె విసిరేది. ఇప్పుడు పొయ్యి తగ్గించి, నా వైపు తిరిగి, "పాపం, ఇచ్చినావా మరి?" అని అడిగింది.

ఇచ్చానమ్మా అన్నాను.