పిన్ను పట్టని కంత

సోమవారం పొద్దున సూర్యాపేట నుంచి నాన్న ఫోన్ చేసి, "అన్న పోయిండు బిడ్డా" అన్నారు. మిర్యాలగూడలో మా ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాను. "ఏ అన్న?" అని అడిగాను. నాన్నకున్నది ఒక్కరే అన్న, మా పెదనాన్న. అది నాకు తెలియదా? ఎందుకలా అడిగానో ఇప్పటికీ అర్థం కాలేదు.

పెదనాన్న లెక్కల మాస్టారు. రిటైరయ్యాక కూడా చొక్కా జేబులో చాక్‌పీసు ఉండాల్సిందే. ఇల్లు పంచుకునేటప్పుడు అన్నదమ్ములకు మాట పట్టింపు వచ్చింది. నాన్న నడుమ గోడ కట్టించి, ఆయనతో మాట్లాడడమే మానేశారు. నేను మాత్రం రెండిళ్లలోనూ తిరిగేదాన్ని.

తొంభైల చివర్లో నేను సూర్యాపేటలో నాన్న ఇంట్లోనే ఉండి కంప్యూటర్ మీద పెళ్లిపత్రికలు టైపు చేసేదాన్ని. ప్రింటరేమో పెదనాన్న ఇంట్లో ఉండేది. ట్యూషన్ పిల్లలకు పరీక్ష పేపర్లు తీయడానికి కంప్యూటర్‌తో పాటు కొన్నారు. ఫ్లాపీ పట్టుకుని వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని. ఒకరోజు ఆయనకే చిరాకేసింది.

"ఎండల గీ తిరుగుడేందే? రెండు కంప్యూటర్లకు నడుమ వైరు గుంజితే ఖతం!"

ఎక్కడ ఖతం? ఇంట్లో మిగిలిన డిష్ వైరు తీశారు. నల్లగా, గుండ్రంగా ఉంది కదా, కంప్యూటర్లకు వేసేదీ అదే అనుకున్నాం. కోదాడ పోయి టీవీ పిన్నులు తెచ్చారు. "టీవీకైనా కంప్యూటర్‌కైనా ఒకటేనండి, పెట్టేసుకోండి" అన్నాడట షాపాయన. తీరా చూస్తే అవి గుచ్చే రకం, కంప్యూటర్ వెనకాల ఉన్నది తిప్పి బిగించే రకం. మిర్యాలగూడలో తిప్పేవి దొరికాయి. వాటిలో ఈ వైరు దూరలేదు. ఆయన గడ్డం బ్లేడుతో వైరును చెక్కడం మొదలుపెట్టారు! జానెడు చెక్కాక బ్లేడు పక్కన పడేశారు.

"జవాబు ముందు రాసి లెక్క తర్వాత చేస్తున్నం బిడ్డా. ముందు వైరు సూడాలె, దానికి తగ్గ పిన్ను తేవాలె."

చివరికి హైదరాబాద్ నుంచి అసలు వైరు, దానికి సరిపోయే పిన్నులు తెప్పించారు. వాటితో పాటు రెండు చిన్న మూతలు కూడా వచ్చాయి. రెండు చివర్లా ఇవి పెట్టకపోతే పని చేయదన్నారట. ఎందుకో మా ఇద్దరికీ తెలియలేదు, పెట్టేశాం. గోడ మీదుగా వేసిన వైరును కోతులు లాగి, పిన్ను దగ్గర తెంపి కింద పడేశాయి. ఇక గోడకు కంత పెట్టడమొక్కటే దారి. గోడ నాన్నది.

"నువ్వే అడుగవే. ఒద్దంటే ఒద్దన్నడని చెప్పు." చాక్‌పీసు నలుపుతూ అన్నారు పెదనాన్న. అంత బెరుకు ఆయన గొంతులో ఎన్నడూ వినలేదు.

నేను వెళ్లి అడగగానే నాన్న లోపలికెళ్లారు. సుత్తె, ఉలి తీసుకొచ్చి, "ఏడ కొట్టాలెనో అడుగు" అన్నారు నాతో. నేను నోరు తెరిచేలోపే గోడ అవతల నుంచి వినిపించింది, "జర కిందికి తమ్మీ."

వైరు పట్టేంత కంత పడింది. కానీ వైరు ఇవతలికి రాలేదు. పెదనాన్న ముందే పిన్ను బిగించేశారు!

"వైరు గుంజినంక గదా పిన్ను పెట్టేది! నువ్వేం మాస్టరువే అన్నా!" అని నాన్న అరిచారు. అన్నా అన్న పిలుపు విని నేను అలాగే నిలబడిపోయాను.

"బిగించింది తీయరాదురా. కంతే పెద్దగ చెయ్."

చెయ్యి పట్టేంత అయింది. వైరుతో పాటు పెదనాన్న చెయ్యి కూడా ఇటు వచ్చింది. నాన్న ఆ చెయ్యి పట్టుకున్నారు.

వైరు ముందు, పిన్ను తర్వాత అని నాకు చెప్పిన మనిషి ఆ పూట ఎలా మరిచారు? ఎన్నిసార్లు అడిగినా "మతికి లేదే" అని నవ్వేవారు. నిజంగా మరిచారో, కావాలనే చేశారో నాకు తేలలేదు. ఇక తేలదు. ఏదైనా సరే, మా నాన్నకు అన్న దొరికాడు. అది చాలు నాకు.

వైరు, ప్రింటరు ఎప్పుడో పోయాయి. కంత ఉండిపోయింది. అందులోంచి ఉడకబెట్టిన పల్లీలు, తలనొప్పి మాత్రలు అటూ ఇటూ తిరిగేవి. రోజూ నాన్న చదివేసిన పేపరు అటు వెళ్లేది.

పెద్దకర్మ అయ్యాక, గోడకు సున్నం వేయడానికొచ్చిన మేస్త్రీ కంత పూడ్చమంటారా అని అడిగాడు. "ఉండనియ్" అన్నారు నాన్న. మరునాడు పొద్దున పేపరు చదివి, మడిచి, అలవాటుగా కంతలోకి తోశారు. అవతల ఎవరూ అందుకోలేదు. సగం పేపరు ఇటువైపే ఉండిపోయి గాలికి కదులుతోంది. నాన్న దాన్ని వెనక్కి తీయలేదు.