స్తూపం మీద కూర్చున్న మనిషి

మొన్న ఆదివారం మధ్యాహ్నం నేనొకరిని పరామర్శించాను. ఆ తర్వాత కూడా ఈ పర్చూరులో తలెత్తుకు తిరుగుతున్నానంటే, సంగతి ఇంకా ఎవరికీ తెలియకపోవడమే కారణం. మీకు చెబుతున్నాను, టీ తాగుతూ విని, ఇక్కడే మరిచిపోండి.

కళాశాలలో చరిత్ర బోధించి విశ్రాంతి తీసుకుంటున్న నేను కంప్యూటర్లో ఆటలాడతానని మీలో చాలామందికి తెలియదు. ప్రాచీన నగరాలను తవ్వి, తిరిగి నిలబెట్టే ఆట అది. ప్రతి ఘనకార్యానికీ పతకంలాంటి ఒక అచీవ్‌మెంట్ ఇస్తారు. నాకూ, ‘ధాన్యకటక’ అనే పేరుతో ఆడే ఒక మిత్రుడికీ అవన్నీ సాధించి తీరాలన్న పట్టుదల. ముఖం చూడలేదు, గొంతు వినలేదు. స్తూప వేదికల కొలతల గురించి రోజూ రాతలోనే పోట్లాడుకునేవాళ్ళం. ఆ పోట్లాట లేని రోజు నాకు అన్నం సహించేది కాదు. ఆ మాట మాత్రం అతనితో ఎన్నడూ అనలేదు.

చివరికి ఒకే ఒక్క అచీవ్‌మెంట్ మిగిలింది. భూగర్భంలోని సమాధి తలుపును, ఆట కలిసి మొదలుపెట్టిన ఇద్దరే, కలిసి నెట్టాలి. సరిగ్గా అప్పుడు ధాన్యకటక మాయమయ్యాడు! వారాలు గడిచినా సందేశాలకు జవాబు లేదు. నేను తర్కబద్ధంగా ఆలోచించాను. ఒక్క అచీవ్‌మెంట్ మిగిలి ఉండగా ఆట వదిలేసే మనిషి లోకంలో ఉండడు. ధాన్యకటక వదిలేశాడు. కనుక ధాన్యకటక లోకంలో లేడు.

బరువెక్కిన మనసుతో, ఆటలోని మా నగరం నడిబొడ్డున అతని పేర ఒక స్తూపం కట్టించి, ‘ఈ వీరుడు ఇక రాడు’ అని శాసనం చెక్కించాను.

ఆదివారం మా ఇంట్లోవాళ్ళు వాడరేవు సముద్రతీరానికి వెళ్ళారు. ఎండకు వీధిలో కుక్క కూడా కదలడం లేదు. ఎదుటి కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఘాటు కిటికీలోంచి వస్తోంది. హెడ్‌సెట్ తగిలించుకుని ఆట తెరిచాను.

నగరమంతా దీపాలు వెలుగుతున్నాయి. నేను వెలిగించలేదు. మా ఇద్దరికి తప్ప ఆ నగరంలోకి మరెవరికీ ప్రవేశం లేదు.

స్తూపం మీద ఒక తెల్లని ఆకారం కూర్చుని ఉంది. తల మీద పేరు: ధాన్యకటక.

నేను కుడికి జరిగాను. దాని తల కుడికి తిరిగింది. ఎడమకు జరిగాను. తల ఎడమకు తిరిగింది. ఇక చరిత్ర, తర్కం అన్నీ వదిలేసి పరుగెత్తాను. అంగడివీధి దాటినా వెనక అడుగుల చప్పుడే. ఆగితే ఆగుతోంది. కోటగోడ దాటేసరికి నా చెవిలో ఎవరిదో ఊపిరి...

“మాస్టారూ...”

ఆడగొంతు! ఒళ్ళు చల్లబడింది. అయినా చదువుకున్నవాణ్ణి గనుక తేరుకున్నాను. పాపం, అతని భార్య అయి ఉంటుంది. భర్త జ్ఞాపకాలు సర్దుతూ ఆట తెరిచి ఉంటుంది. నిటారుగా కూర్చుని, సంతాపసభలో మాట్లాడినట్టు మొదలుపెట్టాను.

“అమ్మా, మీవారు మహానుభావులు. వారి ఆత్మకు శాంతి కలగాలి. మీరు ధైర్యం తెచ్చుకోవాలి.”

అటువైపు ఆవిడ ఎవరినో కేకేశారు. “ఏమండీ, ఇలా రండి! మీరు పోయారని మాస్టారు బాధపడుతున్నారు.”

“ఎప్పుడట?” అంది దూరంగా ఒక మగగొంతు. “పెసరట్టు తినేసి వస్తానుండు.”

ఆవిడ మళ్ళీ మైకులో నాతో అన్నారు.

“ధాన్యకటక నేనేనండీ! చీరాలలో మాకు చీరల కొట్టు. నా కంట్లో శుక్లాలు తీశారు. తెర వంక చూడొద్దన్నాడు డాక్టరు. ఈయన నా సెల్‌ఫోన్ కూడా బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇవాళ వచ్చి చూస్తే ఏముంది? నా పేరున స్తూపం! చంపితే చంపారు, మగవాణ్ణెందుకు చేశారండీ?”

“మీరు వాదించే తీరును బట్టి...” అని గొణిగాను.

“విన్నారా? నా వాదన మగవాడి వాదనలా ఉందట!”

“నన్నడక్కు. నేను వాదించడం మానేసి చాలా కాలమైంది,” అంది మగగొంతు.

“మరి పిలవకుండా నా వెంటపడ్డారేమండీ?” అన్నాను, కొంచెం అధికారంగా.

“కన్నింకా సర్దుకోలేదు. మైకు మీట వెతుక్కునేసరికి మీరు కోట దాటేశారు. మీ వయసుకు బాగానే పరుగెత్తారు!”

ఇద్దరం సమాధి దగ్గరికి దిగి, ఆ తలుపు నెట్టాం. తెరుచుకుంది. అచీవ్‌మెంట్ వచ్చినట్టు గంట మోగింది. లోపల చీకటి తప్ప ఏమీ లేదు. ఇక సాధించవలసినదీ ఏమీ లేదు. రేపటి నుంచి పోట్లాడుకోవడానికి కారణమూ లేదు. ఆ మధ్యాహ్నం మొత్తంలో నాకు నిజంగా భయం వేసింది అప్పుడే.

“మాస్టారూ,” అన్నారావిడ చివరికి, “ఈజిప్టు మీద కొత్త ఆటొకటి చూసిపెట్టాను. పూర్తి చేయడానికి ఏళ్ళు పడుతుందట. ఉంటారా?”

ఉంటానన్నాను. ఈ వయసులో ఆ మాట అనడానికి నా దగ్గర ఏ చారిత్రక ఆధారమూ లేదు.